హారం పోయిన లెక్కలు

మా పెద్దమ్మకి అరవై యేళ్లు. అక్షరాలు వచ్చు, అంకెలు ఇంకా బాగా వచ్చు. పాల లెక్కలో ఒక్క పూట తేడా వచ్చినా నెలాఖరున ఇట్టే పట్టుకుంటుంది. అలాంటి మనిషి కిందటి వేసవిలో మూడు రోజులపాటు సరిగా అన్నం తినక మంచం పట్టింది. ఊళ్లో ఎవరో పెట్టిన ఉచిత వైద్య శిబిరానికి ఇరుగు పొరుగు ఆడవాళ్లంతా వెళుతుంటే తనూ వెళ్లి రొమ్ము కాన్సరు పరీక్ష చేయించుకుంది. ఒంట్లో ఏ బాధా లేదు. ఊరికే వెళ్లింది. వారం తర్వాత ఫోను వచ్చింది: "మీకు పాజిటివ్ వచ్చిందండీ, మళ్లీ రావాలి" అని. ఆ పరీక్ష నూటికి తొంభై పాళ్లు నిక్కచ్చిగా చెబుతుందని శిబిరంలో అట్టమీద రాసి పెట్టారట. కాబట్టి నూటికి తొంభై పాళ్లు తనకి కాన్సరేనని పెద్దమ్మ తీర్మానించుకుంది. బీరువాలోంచి రెండుపేటల హారం తీసి కోడలి చేతిలో పెట్టేసి, "రెండో పరీక్ష వద్దు, గిండో పరీక్ష వద్దు. వున్నన్నాళ్లు వుంటాను" అని గోడవైపు తిరిగి పడుకుంది.

నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నానని మా వాళ్లందరికీ తెలుసు. ఆ చదువు వల్ల ఇంట్లో ఎవరికైనా ఉపయోగం వుంటుందన్న అనుమానం మాత్రం అంతవరకూ ఎవరికీ రాలేదు, నాతో సహా. "ఇది నీ పుస్తకాల్లో వుందట్రా?" అని అన్నయ్య అడిగాడు. వుంది. బేస్ సిద్ధాంతం అనే పేరుతో మొదటి సంవత్సరంలోనే వుంది. పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వస్తే రాసి, పదికి తొమ్మిది తెచ్చుకున్నాను కూడా. అయితే మంచం పక్కన కుర్చీ వేసుక్కూర్చుని ఆ సూత్రాన్ని పెద్దమ్మకి చెప్పబోతే నోట మాట రాలేదు. "నియత సంభావ్యత" అంటే ఆవిడకి ఏం తెలుస్తుంది? నిజం చెప్పొద్దూ, నాకు మాత్రం ఏం తెలుసని!

ఆ అవస్థలో నన్ను ఆదుకున్నది ఒక ఇంగ్లీషు ప్రొఫెసరు గారి పద్ధతి. ఈ వ్యాసం ఆయన గురించీ, ఆయన పద్ధతి గురించీ.

ఆయన పేరు డేవిడ్ స్పీగల్‌హాల్టర్. 1953లో ఇంగ్లండు నైరుతి మూలన డెవన్ జిల్లాలోని బార్న్‌స్టపుల్ అనే ఊళ్లో పుట్టారు. ఆక్స్‌ఫర్డులోను, లండన్ యూనివర్సిటీ కాలేజీలోను చదువుకున్నారు. 1981 నుంచి కేంబ్రిడ్జిలోని వైద్య పరిశోధనా మండలి వారి జీవసాంఖ్యక విభాగంలో పనిచేశారు. బేస్ పద్ధతిలో పెద్దపెద్ద లెక్కలు కంప్యూటరు చేత చేయించే "బగ్స్" అనే ప్రోగ్రాము తయారుచేసిన వారిలో ఆయన ఒకరు. మన డిపార్టుమెంటులో రీసెర్చి చేసే అన్నయ్యల్ని అడిగితే ఆ పేరు చెప్పగానే కళ్లు పెద్దవి చేస్తారు. అంతటితో ఆగిపోయి వుంటే ఆయన పదిమంది పండితులకి తెలిసిన పండితుడుగానే మిగిలి వుండేవారు. 2007లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఒక కొత్త ఆచార్య పదవి సృష్టించింది. రిస్కు అంటే ఏమిటో సామాన్య ప్రజలకి అర్థమయ్యేట్టు చెయ్యటమే ఆ ఆచార్యుడి పని. గణితం తెలిసినవాళ్లకి గణితం చెప్పటానికి ప్రొఫెసర్లు కోకొల్లలు. తెలియనివాళ్లకి చెప్పటం కోసమే ప్రొఫెసరుగిరీ ఇవ్వటం వింతే గదా. ఆ పదవిలో ఆయన 2018 దాకా వున్నారు. మధ్యలో 2014లో సర్ బిరుదు వచ్చింది. 2011లో బి.బి.సి. టెలివిజనులో నీళ్లల్లో, బురదలో దబదబా పడిపోతూ పరుగెత్తే ఒక అల్లరి పందెం ప్రోగ్రాములో కూడా పాల్గొన్నారు. ప్రొఫెసర్లు చెయ్యవలసిన పనేనా అని అడిగేవాళ్లు అడగొచ్చు. జనం చూసేది ఆ ప్రోగ్రామే మరి.

ఇక ఆయన పద్ధతి. దాన్ని ఒక్క మాటలో చెప్పమంటే "హారం ఎక్కడ?" అంటాను. మా పెద్దమ్మ కోడలికిచ్చిన హారం కాదు లెండి, హైస్కూల్లో భిన్నాలు నేర్చుకున్నప్పుడు గీత కింద రాసిన హారం. పత్రికల్లో, టెలివిజన్లో, సెల్‌ఫోన్లో మనకి వచ్చే అంకెల్లో చాలావాటికి లవం వుంటుంది, హారం వుండదు. హారం లేని లవం గాలిపటంలాంటిది. ఎంత ఎత్తుకైనా ఎగురుతుంది.

మన దగ్గరే చూడండి. ఎంట్రన్సు ఫలితాలు వచ్చిన మర్నాడు టి.వి. పెడితే చాలు, "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు, నాలుగు..." అంటూ కోచింగు కాలేజీలవాళ్లు ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదువుతారు. పేపరు మొదటి పేజీ నిండా పిల్లల ఫోటోలు. మా తమ్ముణ్ణి అలాంటి ఒక ప్రకటన చూసే మా నాన్న అప్పు చేసి ఒక కాలేజీలో చేర్పించారు. అందులో ఆ యేడు పరీక్ష రాసినవాళ్లు మొత్తం ఎందరని ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. పదివేలమంది రాస్తే పదిమందికి ర్యాంకులు రావటానికీ, వందమంది రాస్తే పదిమందికి రావటానికీ ఎంత తేడా వుందో చెప్పటానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. కాని చేర్పించే రోజున మా నాన్నా అడగలేదు, అప్పటికి డిగ్రీలో లెక్కలు వెలగబెడుతున్న నేనూ అడగలేదు.

ర్యాంకుల సంగతి డబ్బుతో పోతుంది. మందుల దగ్గరకి వచ్చేసరికి ప్రాణాలతో చెలగాటం. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతా సంఘం డాక్టర్లందరికీ అత్యవసరంగా ఒక హెచ్చరిక పంపింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలు వాడితే కాళ్లల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని. పత్రికలు ఎత్తుకున్నాయి. రెట్టింపు! ఆడవాళ్లు బెదిరిపోయి మాత్రలు మానేశారు. ఆ తర్వాతి సంవత్సరం ఇంగ్లండు, వేల్సుల్లో మామూలుకన్నా సుమారు 13 వేల గర్భస్రావాలు ఎక్కువ జరిగాయని అంచనా వేశారు. అసలు ఆ రెట్టింపు ఎంతలోంచి ఎంతకి? పాత రకం మాత్రలు వాడే ఏడు వేలమందిలో ఒకరికి రక్తం గడ్డకడుతుంటే, కొత్త రకంతో ఏడు వేలమందిలో ఇద్దరికి. రెట్టింపు అన్న మాట అబద్ధం కాదు. ఏడు వేలమందికి ఒక్కరే పెరిగారన్న మాటా అబద్ధం కాదు. రెండూ నిజాలే అయినా రెండో నిజం ఎవరూ చెప్పలేదు. ఇంకా విషాదమేమిటంటే, గర్భం రావటం వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్ర వల్ల వచ్చేదానికంటే ఎక్కువ. ఈ ఉదాహరణని జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ పదేపదే చెబుతుంటారు. స్పీగల్‌హాల్టర్ గారి ఆలోచనలకి గిగరెంజర్ ప్రయోగాలే చాలామటుకు ఆధారం.

ఇరవై యేళ్లకి, అంటే 2015లో, అదే తంతు మళ్లీ. ఉప్పూ పొగా పట్టించి నిలవచేసిన మాంసం కాన్సరు కారకమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ ప్రకటించింది. రోజుకి యాభై గ్రాములు తింటే పేగు కాన్సరు అవకాశం 18 శాతం పెరుగుతుందని లెక్క. పొగాకుని పెట్టిన వర్గంలోనే దీన్నీ పెట్టారు కాబట్టి, రెండూ ఒకే రకం ప్రమాదమని పత్రికలు రాశాయి. ఆ వర్గీకరణ చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదని, ప్రమాదం ఎంత పెద్దదని కాదు. స్పీగల్‌హాల్టర్ గారు దాన్ని ఇలా విప్పి చెప్పారు. మామూలుగా బ్రిటన్‌లో నూరుమందిని తీసుకుంటే వాళ్లలో ఆరుగురికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పేగు కాన్సరు వస్తుంది. ఆ నూరుమందీ రోజూ పొద్దున్నే పెద్ద బేకన్ శాండ్‌విచ్ తింటూ పోతే ఆరుగురు కాస్తా ఏడుగురవుతారు. ఆరులో 18 శాతం అంటే ఒకటి గదా, అంతే. తింటావా మానుతావా అన్నది నీ ఇష్టం, ఆయన అందులో వేలు పెట్టరు. ఈ సంగతి నాకు ఆయనలో బాగా నచ్చింది. మన చుట్టూ అంకెలు చెప్పేవాళ్లంతా మన చేత ఏదో ఒకటి చేయించాలని చెప్పేవాళ్లే.

మనం రోజూ చేసే చిన్నచిన్న తప్పులు కొలవటానికి ఆయన "మైక్రోలైఫ్" అని ఒక కొలత తయారుచేశారు. అంటే ఆయుర్దాయంలో ఒక అరగంట. వయసొచ్చిన కుర్రవాడికి ముందున్న సుమారు 57 యేళ్లని అరగంటలుగా కోస్తే పది లక్షల ముక్కలవుతాయి. రెండు సిగరెట్లు కాలిస్తే ఒక ముక్క పోయినట్టు. సాయంత్రం కాలేజీ గేటు ముందు టీ బడ్డీ దగ్గర మన మిత్రులు ఎన్ని అరగంటలు ఊదేస్తున్నారో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. ఇది సగటు లెక్క సుమా. ఫలానావాడికి ఫలానా అరగంట పోయిందని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

పెద్దమ్మ దగ్గరకి వద్దాం. శాతాలు, సంభావ్యతలు మానేసి మనుషుల్ని లెక్కపెట్టి చూపించండి అంటారు ఈ ప్రొఫెసరు గారు. సరేనని వంటింట్లో డబ్బాలోంచి దోసెడు చింతగింజలు తెచ్చి మంచం మీదే పోశాను. "పెద్దమ్మా, నీలాగే ఏ బాధా లేకుండా వెయ్యిమంది ఆడవాళ్లు ఆ శిబిరానికి వెళ్లారనుకో. వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు పదిమంది అనుకుందాం" అన్నాను. "పదిమందేనా?" అంది. "వీధివీధంతా జబ్బులుంటాయా, పదే ఎక్కువ" అన్నాను. పరీక్ష నూటికి తొంభై నిక్కచ్చి కాబట్టి ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. తొమ్మిది గింజలు ఒక పక్కన పెట్టాను. మిగిలిన 990 మందికీ జబ్బు లేదు. వాళ్ల విషయంలోనూ పరీక్ష నూటికి పదిసార్లు పొరపాటు పడుతుంది. అంటే 99 మందికి ఏమీ లేకపోయినా పాజిటివ్ వస్తుంది. ఆ 99 గింజలూ ఆవిడ చేతే లెక్కపెట్టించి, ఈ తొమ్మిదిలో కలిపేశాను. "ఇప్పుడు ఫోను ఎంతమందికి వెళుతుంది?"

ఆవిడ చప్పున లేచి కూర్చుంది. "నూట ఎనిమిది! అష్టోత్తరం!"

"ఆ అష్టోత్తరంలో నిజంగా జబ్బున్నవాళ్లు?"

"తొమ్మిదిమంది" అంది మెల్లగా. గింజల్ని చేత్తో అటూ ఇటూ కెలికింది. "అయితే నేను ఈ తొంభైతొమ్మిదిలో వుండొచ్చు గదట్రా."

వుండొచ్చు. ఆ తొమ్మిదిలోనూ వుండొచ్చు. పన్నెండుమందిలో ఒకరికి నిజమయ్యేది చిన్న విషయమేం కాదు, అందుకే రెండో పరీక్షకి వెళ్లాలి. నూటికి తొంభై ఖాయమనుకుంటే వెళ్లి లాభమేమిటనిపించిన మనిషికి, పన్నెండింట ఒకటి అనేసరికి వెళ్లబుద్ధి పుట్టింది. (ఇక్కడొక హెచ్చరిక చెయ్యాలి. ఈ వెయ్యి, పది, తొంభై నేను లెక్క కోసం వేసుకున్న గుండు అంకెలు. చేతికి గడ్డ తగిలి వెళ్లినవాళ్ల లెక్క పూర్తిగా వేరు. వాళ్లు చింతగింజలు లెక్కపెడుతూ కూర్చోకూడదు.) మరుసటి వారం అన్నయ్య తీసుకెళ్లాడు. ఏమీ లేదని తేలింది. ఆవిడ ఆ తొమ్మిదిలో వున్నట్టు తేలినా నా లెక్క తప్పయ్యేది కాదు. ఈ మాట మాత్రం ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. హారం విషయంలో ఆవిడకీ కోడలికీ మధ్య ఇప్పటికీ మంతనాలు సాగుతున్నాయి.

ఇదే పని బ్రిటన్ ప్రభుత్వం 2013లో దేశమంతటికీ చేసింది. అంతకు ముందు రొమ్ము కాన్సరు పరీక్షకి పిలిచే కరపత్రాల్లో "రండి, ప్రాణం కాపాడుకోండి" అన్న ధోరణే వుండేది, నష్టాల మాట పెద్దగా లేదు. విమర్శలు వచ్చి, నిపుణుల చేత విచారణ చేయించి, కొత్త కరపత్రం రాశారు. దాని తయారీలో స్పీగల్‌హాల్టర్ గారూ పాలుపంచుకున్నారు. యాభై నుంచి డెబ్భై యేళ్ల దాకా క్రమంగా పరీక్ష చేయించుకునే 200 మంది ఆడవాళ్లని తీసుకోండి. 15 మందికి కాన్సరు బయటపడుతుంది, అందులో 12 మంది చికిత్సతో బతుకుతారు, ముగ్గురు చనిపోతారు. పరీక్ష చేయించుకోని 200 మందిలో 12 మందికి బయటపడుతుంది, 8 మంది బతుకుతారు, నలుగురు చనిపోతారు. అంటే పరీక్ష వల్ల ఒక ప్రాణం దక్కుతుంది. దానితోపాటు ముగ్గురికి, జన్మలో బాధ పెట్టకుండా వుండిపోయే కాన్సరుకి కోతలూ మందులూ తప్పవు. ఆ ముగ్గురూ ఎవరో ఎవరికీ తెలియదు, వాళ్లకీ తెలియదు. ఇవన్నీ చెప్పి, నిర్ణయం మీదే అన్నారు. చదివి కొందరు ఆడవాళ్లు మానేస్తారేమో, అయినా చెప్పాలా అన్న ప్రశ్న వుంది. తెలియకుండా ఒప్పుకోవటం ఒప్పుకోవటం కాదన్న పక్షం గెలిచింది. నా మటుకు నేను ఆ పక్షమే, అయితే మా పెద్దమ్మ మంచం పట్టిన మూడు రోజుల్లో ఎవరైనా ఈ కాగితం ఆవిడ చేతిలో పెట్టివుంటే ఏమయ్యేదో చెప్పలేను.

ఇంతవరకూ చెప్పింది అంకెలు చెప్పే విధానం గురించి. ఆయనకి పేరు తెచ్చిన మరో రెండు పనులున్నాయి. అవి అంకెలు ఎవరూ చూడకపోతే ఏమవుతుందో చెబుతాయి.

మొదటిది బ్రిస్టల్ ఊరి ఆసుపత్రి. 1980ల చివర, 90ల మొదట అక్కడ పసిపిల్లలకి గుండె ఆపరేషన్లు చేస్తే మిగతా చోట్లకన్నా ఎక్కువమంది చనిపోతున్నారని ఆ ఆసుపత్రిలోనే మత్తుమందు ఇచ్చే డాక్టరు ఒకాయన గొడవ చేశారు. చాలా కాలం ఎవరూ వినిపించుకోలేదు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల పోరాటంతో చివరికి విచారణ వేశారు. లెక్కలు చూసే బృందానికి స్పీగల్‌హాల్టర్ నాయకుడు. ఎంతమందికి ఆపరేషను చేశారు, ఎంతమంది పోయారు అన్న అతి మామూలు ప్రశ్నకే ఆసుపత్రి రికార్డు ఒకటి చెబితే, సర్జన్ల పుస్తకం ఒకటి చెప్పింది, జాతీయ రిజిస్టరు ఇంకొకటి చెప్పింది. పిల్లల శవాల్ని లెక్కపెట్టటంలో కూడా ఏకాభిప్రాయం లేదన్నమాట. ఎటునుంచి చూసినా తేలింది మాత్రం ఒకటే. 1991 నుంచి 1995 వరకు ఏడాది నిండని పిల్లల్లో, మిగతా ఆసుపత్రుల స్థాయిలో వుంటే బతికి వుండాల్సినవాళ్లు ముప్ఫైమందికి పైచిలుకు అక్కడ పోయారు. 2001లో నివేదిక వచ్చింది. తర్వాత బ్రిటన్‌లో పిల్లల గుండె ఆపరేషన్ల ఫలితాలు ప్రతి ఆసుపత్రికీ విడివిడిగా ప్రజల ముందు పెట్టటం మొదలైంది.

రెండోది హెరాల్డ్ షిప్‌మన్ కేసు. ఇతను మాంచెస్టరు దగ్గర హైడ్ అనే చిన్న ఊళ్లో కుటుంబ వైద్యుడు. గడ్డం, కళ్లద్దాలు, మృదువైన మాట. ముసలివాళ్లకి ఇంటికే వచ్చి చూస్తాడని మంచి పేరు. 2000 జనవరిలో 15 హత్యలు చేశాడని కోర్టు తేల్చి యావజ్జీవ శిక్ష వేసింది. తర్వాత జడ్జి జానెట్ స్మిత్ గారి విచారణలో తేలిన సంఖ్య 215. చాలామంది పెద్ద వయసు ఆడవాళ్లు. మార్ఫిన్ జాతి ఇంజక్షను ఇచ్చి, మరణ ధ్రువపత్రం తనే రాసేవాడు. 1975లో మొదలుపెట్టి 1998లో పట్టుబడేదాకా, ఇరవైమూడేళ్లు.

ఈ కేసులో ఒక గ్రాఫు వుంది. దాన్ని చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అడుగున పొద్దుట్నుంచి రాత్రి దాకా గంటలు. చుట్టుపక్కల మామూలు డాక్టర్ల పేషెంట్లు ఏ గంటకి ఎందరు పోయారన్నది ఒక గీత, షిప్‌మన్ పేషెంట్లది ఒక గీత. మామూలు డాక్టర్ల గీత ఇంచుమించు చదునుగా వుంటుంది. చావుకి వేళాపాళా లేదు గదా. షిప్‌మన్ గీత మాత్రం మధ్యాహ్నం రెండు గంటల దగ్గర కొండలా లేస్తుంది. భోజనం చేసి ఇళ్లకి వెళ్లి చూసే సమయం అది. ఏ సూత్రమూ అక్కర్లేదు, ఏ పరీక్షా అక్కర్లేదు. ఒక్కరు కూర్చుని ఆ గీత గీసివుంటే చాలు. ఎవరూ గియ్యలేదు.

ముందే పట్టుకోగలిగేవాళ్లమా అన్న ప్రశ్నని విచారణ సంఘం స్పీగల్‌హాల్టర్ బృందానికి ఇచ్చింది. వాళ్లు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్యాక్టరీల సరుకు నాణ్యత తేల్చటానికి అబ్రహాం వాల్డ్ కనిపెట్టిన ఒక పద్ధతిని తీసుకున్నారు. (ఈ వాల్డ్ మహాశయుడు 1950లో మన దేశానికి ఉపన్యాసాలకి వచ్చి, నీలగిరి కొండల్లో విమానం కూలి భార్యతో సహా మరణించాడు.) దాని కిటుకు చెబుతాను. ఒక బల్బుల పెట్టె వచ్చింది. వెయ్యి బల్బులూ పరీక్ష చేసి అప్పుడు తీర్పు చెప్పనక్కర్లేదు. ఒక్కొక్కటే వెలిగించి చూస్తూ, పాడైనది వస్తే అనుమానం ఖాతాలో కొంచెం జమ వెయ్యాలి, మంచిది వస్తే కొంచెం తీసెయ్యాలి. ఖాతా పై గీత దాటితే సరుకు వెనక్కి పంపాలి, కింది గీత దాటితే ఒప్పుకోవాలి, రెండింటి మధ్యా వున్నంతసేపు చూస్తూ పోవాలి. డాక్టరు విషయంలో బల్బుకి బదులు మనిషి. ఆ వయసు పేషెంట్లలో ఏటా ఇంతమంది పోవటం మామూలు, ఇతని దగ్గర ఎంతమంది పోయారు అని ఖాతా నడుపుతూ పోతే, 1980ల మధ్యలోనే షిప్‌మన్ గీత దాటేవాడని తేలింది. అతను పట్టుబడింది 1998లో. మధ్యలో చచ్చిపోయినవాళ్ల ప్రాణాలు ఒక గ్రాఫు కాగితం ఖరీదు చెయ్యలేదా అనిపిస్తుంది.

అయితే పెద్దమ్మ చింతగింజలు ఇక్కడా అడ్డొస్తాయి. దేశంలో వేలమంది డాక్టర్లుంటే, ఏ పాపమూ ఎరగనివాళ్లు కూడా కొందరు గీత దాటుతారు. ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా నడిపి చూస్తే షిప్‌మన్‌ని మించిన మరణాలున్న డాక్టరు ఒకాయన వెంటనే దొరికాడు! విచారిస్తే, ఆయన వుండేది రిటైరైనవాళ్లు వచ్చి స్థిరపడే సముద్రపు ఒడ్డు ఊరు. ఆఖరి రోజుల్లో ఆసుపత్రుల పాలు కాకుండా సొంత పడకల మీదే కన్నుమూసేట్టు ముసలివాళ్లని కనిపెట్టుకుని వుండే మంచి డాక్టరు ఆయన. అంకె చెప్పింది "ఇటు చూడు" అని మాత్రమే. దాన్నే తీర్పు అనుకుని పత్రికలో వేసివుంటే ఆ మంచి మనిషి గతి ఏమయ్యేది?

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ ప్రొఫెసరు గారికి తీరిక లేకుండా పోయింది. ఏప్రిల్ నెలాఖరుకి రోజుకి లక్ష పరీక్షలు చేస్తామని బ్రిటన్ ప్రభుత్వం మాట ఇచ్చింది. గడువు రోజున లక్షా ఇరవై రెండు వేలని ప్రకటించారు. విప్పి చూస్తే అందులో సుమారు 40 వేలు పోస్టులో వేసిన కిట్లు, ఇంకా ఎవరి ముక్కులోకీ వెళ్లనివి. సాయంకాలం మంత్రులు టెలివిజన్లో అంకెల వరస విప్పటాన్ని ఆయన బి.బి.సి.లోనే కూర్చుని "అంకెల నాటకం" అని తేల్చేశారు. తమాషా ఏమిటంటే, కొద్ది రోజుల ముందే దేశాల మధ్య మరణాల సంఖ్యల్ని తొందరపడి పోల్చొద్దని ఆయన పత్రికలో రాశారు. ఒక్కో దేశం ఒక్కో రకంగా లెక్కిస్తోంది కాబట్టి. ప్రతిపక్షం వాళ్లు పార్లమెంటులో నిలదీస్తే ప్రధాని బోరిస్ జాన్సన్ ఆ వ్యాసాన్నే డాలుగా పట్టుకున్నాడు. దయచేసి నా వ్యాసాన్ని వాడుకోవద్దు, చిల్లర ర్యాంకులు కట్టొద్దన్నాను గాని ఇతర దేశాల నుంచి నేర్చుకోవద్దనలేదని స్పీగల్‌హాల్టర్ బహిరంగంగా ప్రకటించవలసి వచ్చింది. జాగ్రత్తగా మాట్లాడే శాస్త్రజ్ఞుడి మాటల్లో సగం కత్తిరించి వాడుకోవటం రాజకీయ నాయకులకి వెన్నతో పెట్టిన విద్య. ఏ దేశమైనా ఒకటే.

"మాకూ కచ్చితంగా తెలియదు, ఇంతనుంచి ఇంతవరకూ వుండొచ్చు" అని చెబితే జనం నమ్మకం పోతుందని అధికారులకి భయం. ఆ భయం నిజమా అని ఆయనా, ఆయన సహచరులూ వేలమంది మీద ప్రయోగాలు చేసి 2020లో ప్రచురించారు. కిందికి ఇంత, పైకి ఇంత అని అంకెల్లో హద్దులు చెబితే నమ్మకం తగ్గేది అతి స్వల్పం. "కొంత అటూ ఇటూ వుండొచ్చు" అని మాటల్లో నాన్చితేనే ఎక్కువ తగ్గింది. మన క్లాసులో సారు డౌటు అడిగినప్పుడు "చూసి రేపు చెబుతాను" అంటే మనకి గౌరవమే పెరుగుతుంది గాని తగ్గదు. గొణిగితేనే వెనక బెంచీలు నవ్వుతాయి.

ఇదంతా ఇంగ్లండు కథ, మనకేమిటి అనుకునేవాళ్ల కోసం ఒక మాట. స్పీగల్‌హాల్టర్ ఆచార్య పదవికి దాదాపు ఇరవై యేళ్ల ముందే, 1989లో, సామాన్య పాఠకుల కోసం గణాంకాల గురించి ఇంగ్లీషులో "స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్" అనే చక్కని పుస్తకం వచ్చింది. రాసినాయన తెలుగువాడు, మన వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివినవాడు, ఆ తర్వాత కేంబ్రిడ్జిలోనే 1948లో డాక్టరేటు పుచ్చుకున్నవాడు. సి.ఆర్.రావు గారు. 2023లో నూట రెండేళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. క్లాసులో "క్రామర్-రావు" అని వల్లించే మనలో ఆ పుస్తకం తెరిచిన వాళ్లెందరు? నేనూ ఈ వేసవి దాకా తెరవలేదు.

అందులో ఒక ముచ్చట వుంది. 1947 అల్లర్లప్పుడు ఢిల్లీలో ఎందరో ప్రాణభయంతో ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకి తిండి పెట్టే పని ప్రభుత్వం కాంట్రాక్టర్లకి అప్పగించింది. లోపల ఎంతమందున్నారో ప్రభుత్వానికి తెలియదు. కాంట్రాక్టరు ఎంత బియ్యం, ఎంత పప్పు అని బిల్లు వేస్తే అంతా కట్టాలి. బిల్లులు ఆకాశాన్నంటుతుంటే సంఖ్యాశాస్త్రజ్ఞుల్ని పిలిచారు. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే వీలు లేదు. వాళ్లు ఆ బిల్లుల్నే తీసుకుని, బియ్యం బట్టి ఎంతమంది, పప్పు బట్టి ఎంతమంది, ఉప్పు బట్టి ఎంతమంది అని మనిషికయ్యే ఖర్చుతో భాగించి చూశారు. బియ్యం లెక్కకి జనం ఎక్కువ తేలారు, ఉప్పు లెక్కకి బాగా తక్కువ. బియ్యం ఖరీదైనది, బిల్లులో పెంచితే లాభం. ఉప్పు అగ్గువ, పెంచినా ఏమీ గిట్టదు. అందుకని ఉప్పునే నమ్మారు.

మన హాస్టలు మెస్సు సెక్రటరీ గారు ఈ వ్యాసం ఇంతవరకూ చదివి వుంటే, కిందటి మూడు నెలల బియ్యం, నూనె బిల్లుల పక్కన ఉప్పు బిల్లు కూడా నోటీసు బోర్డు మీద అంటించవలసిందిగా మనవి. భాగహారం నేను చేసిపెడతాను.